ధనుర్మాసంలో రిజిస్టరు వివాహం: ఆదాయపు పన్ను పెళ్ళి తేదీని మార్చగలదా?

పంచాంగం చూసేవారికి ఈ సంగతి కొత్త కాదు. డిసెంబరు నెల సగం గడిచి ధనుర్మాసం ప్రవేశించిన తరువాత, సంక్రాంతి దాటేవరకు మన ఇళ్ళలో ముహూర్తాలు పెట్టరు. అయితే అమెరికా సంబంధం కుదిరిన కుటుంబాలకు కొన్నిసార్లు ఆ రోజులు దగ్గరపడుతుండగానే మగపెళ్ళివారి నుండి ఒక కోరిక వస్తుంది. ముహూర్తం మాఘమాసంలో పెట్టుకుందాం, రిజిస్ట్రేషను మాత్రం డిసెంబరు 31వ తేదీ లోపల ముగించుదాం అని. వీసా కాగితాల కోసమని కొందరు చెబుతారు. మరికొందరు దాపరికం లేకుండా ఇంకొక కారణం కూడా చెబుతారు. సంవత్సరం ముగిసేలోగా పెళ్ళి అయినట్లు కాగితం ఉంటే అబ్బాయికి ఆ ఏటి ఆదాయపు పన్ను తగ్గుతుందట!

ఆడపిల్ల తండ్రికి ఇది వింతగా తోచడంలో ఆశ్చర్యం లేదు. వర్జ్యం, దుర్ముహూర్తం చూసి తేదీ నిర్ణయించడం ఆయనకు తెలుసు గాని, పన్నుల శాఖను చూసి నిర్ణయించడం ఆయన ఎరుగడు. సింధనూరు, మాన్వి తాలూకాల క్యాంపులలో గాని, గద్వాల వైపు గాని, కృష్ణా తుంగభద్రల ఆవలి ఒడ్డున నారాయణపేట, మంత్రాలయం వైపు పల్లెలలో గాని వడ్లు, పత్తి పండించే కుటుంబానికి ఆదాయపు పన్నుతో పరిచయం బహు తక్కువ. వ్యవసాయాదాయంపై కేంద్ర ప్రభుత్వపు పన్ను లేదు. పాన్ కార్డు ఉన్నా అది బ్యాంకు పని కోసం తీసుకున్నదే అయి ఉంటుంది. కాని పిల్లల చదువుల పుణ్యమా అని సంబంధాలు బెంగళూరు, హైదరాబాదు దాటి డాలస్ దాకా వెళ్ళుతున్నవి. వాటితోపాటు పన్ను మాట కూడా పెళ్ళి మాటలలోకి వచ్చి కూర్చున్నది. అందులో ఎంత నిజమో, ఎక్కడ ప్రమాదమో తెలుసుకొన్న తరువాతనే సంతకం పెట్టడం మంచిది.

మన దేశపు లెక్క

ముందుగా మన దేశం సంగతి చూద్దాం. ఇక్కడ పెళ్ళి చేసుకొన్నంత మాత్రాన ఉద్యోగి పన్ను ఒక్క రూపాయి తగ్గదు, ఒక్క రూపాయి పెరగదు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం ప్రకారం గాని, దాని స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన 2025 చట్టం ప్రకారం గాని పన్ను మనిషికి, దంపతులకు కాదు. భర్త రిటర్ను భర్తది, భార్య రిటర్ను భార్యది.

ఈ పద్ధతి ఎవరికి లాభమో ఒక లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. 2025-26 ఆర్థిక సంవత్సరం నుండి కొత్త పన్ను విధానంలో జీతం వంటి మామూలు ఆదాయం, మినహాయింపులు పోగా 12 లక్షల రూపాయలు మించకపోతే రిబేటు వలన పన్ను పడదు. భార్యాభర్తలు ఇద్దరూ ఉద్యోగులై చెరి 10 లక్షలు సంపాదిస్తే ఆ ఇంటికి 20 లక్షలు వచ్చినా పన్ను సున్న. అదే 20 లక్షలు భర్త ఒక్కడే సంపాదిస్తే సెస్సుతో కలిపి 2,08,000 రూపాయలు కట్టాలి. ఇల్లు ఒకటే, వచ్చే డబ్బు ఒకటే, పన్ను మాత్రం వేరు. అందుకే దంపతులు కోరుకొంటే కలిపి ఒకే రిటర్ను వేసే అవకాశం కల్పించాలని చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ 2025 బడ్జెటుకు ముందు ప్రభుత్వానికి సూచించింది. ఆ బడ్జెటు దానిని స్వీకరించలేదు.

పెళ్ళయినవారిని, కానివారిని వేరుగా చూసిన కాలం మన దేశంలోనూ ఒకటుండేది. 1955 బడ్జెటులో ఆర్థికమంత్రి సి.డి. దేశ్‌ముఖ్ పన్ను పడని ఆదాయ పరిమితిని పెళ్ళయిన వారికి 1,500 నుండి 2,000 రూపాయలకు పెంచి, అవివాహితులకు 1,000 రూపాయలకు తగ్గించారు. బ్రహ్మచారిగా ఉన్నందుకు పన్ను కట్టడమంటే ఇదే. ఆనాడు రాయచూరు జిల్లా ఇంకా హైదరాబాదు రాష్ట్రంలోనే ఉన్నది. గద్వాల, ఆలంపూరు తాలూకాలు కూడా అప్పటికి రాయచూరు జిల్లావే. సంవత్సరానికి వెయ్యి రూపాయల పన్ను పడే ఆదాయం ఉన్న బ్రహ్మచారులు ఈ మూడు చోట్లా కలిపి ఎందరుండేవారో గాని, ఆ కారణం చేత పెళ్ళిపీటలెక్కిన వారిని వేళ్ళపై లెక్కపెట్టవచ్చు. తరువాతి కాలంలో ఈ భేదం తొలగిపోయింది. స్త్రీలకు కొద్దిగా ఎక్కువ పరిమితి ఉండే పద్ధతి కొంతకాలం నడిచి, 2012-13 ఆర్థిక సంవత్సరం నుండి అదీ పోయింది.

భార్య పేర రాసినంత మాత్రాన

ఇద్దరి సంపాదనకు చెరొక పరిమితి ఉన్నప్పుడు, ఒక్కడే సంపాదించే ఇంట్లో ఒక ఆలోచన సహజంగా పుడుతుంది. కొంత ఆస్తి భార్య పేర మార్చితే పన్ను తగ్గదా అని. చట్టం దీనిని ఏనాడో ఊహించింది. భర్త తగిన ప్రతిఫలం తీసుకోకుండా భార్యకు ఆస్తి ఇస్తే, ఆ ఆస్తిపై వచ్చే ఆదాయాన్ని మళ్ళీ భర్త ఆదాయంలోనే కలిపి లెక్కిస్తారు. 1961 చట్టంలో ఇది 64వ సెక్షను. కొత్త చట్టంలో సెక్షను అంకె మారింది గాని సూత్రం మారలేదు. ప్రేమాభిమానాలతో ఇచ్చానంటే అది ప్రతిఫలం కాదని సుప్రీంకోర్టు 1961లోనే చెప్పింది. అంటే భార్య పేర 10 లక్షలు ఫిక్సెడ్ డిపాజిటు వేస్తే వడ్డీ భర్త లెక్కలోనే పడుతుంది.

మామగారు కోడలికి ఇచ్చినా ఇదే నియమం. రాయచూరులో ఒక దుకాణం కోడలి పేర రాయిస్తే దాని అద్దె మామగారి ఆదాయంగానే చూస్తారు. కాని పుట్టింటివారు ఇచ్చినదానికి ఈ నియమం లేదు. యుక్తవయస్సు వచ్చిన కూతురికి తండ్రి పసుపు కుంకుమల కింద ఇచ్చిన పొలం గాని, ఇల్లు గాని, డబ్బు గాని దాని ఆదాయంతో సహా ఆమెదే. తండ్రి లెక్కలోనూ కలవదు, భర్త లెక్కలోనూ కలవదు. మన పెద్దలు స్త్రీధనమన్న దానిని పన్ను చట్టం కూడా స్త్రీధనంగానే చూస్తున్నదన్నమాట.

ఇక్కడే పెళ్ళి తేదీ ముఖ్యమవుతుంది. కలకత్తాలోని ఒక కంపెనీలో వాటాలున్న వ్యక్తి 1947 డిసెంబరులో, పెళ్ళికి కొద్దిరోజుల ముందు, తాను వివాహమాడబోయే స్త్రీకి ఆ వాటాలను కానుకగా రాసి ఇచ్చాడు. పెళ్ళయిన తరువాత ఆ వాటాలపై వచ్చిన డివిడెండును భర్త ఆదాయంలో కలపాలని పన్ను శాఖ పట్టుబట్టింది. వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆస్తి బదిలీ జరిగిన నాటికి ఆమె అతని భార్య కాదు గనుక కలపరాదని 1963లో తీర్పు వచ్చింది. కొన్ని రోజుల తేడా అంత పని చేసింది. అయితే దీనిని చూసి ఎవరూ ఉపాయాలు పన్నవలసిన పనిలేదు. బంధువు కానివారి నుండి సంవత్సరంలో 50,000 రూపాయలకు మించి వచ్చిన కానుకలకు పుచ్చుకొన్నవారే పన్ను కట్టాలని తరువాత చట్టం వచ్చింది. కాబోయే భార్య చట్టం దృష్టిలో ఇంకా బంధువు కాదు.

పెళ్ళి సందర్భంగా వచ్చిన కానుకలకు మాత్రం ఈ పన్ను లేదు. ఎవరిచ్చినా, ఎంతైనా లేదు. కాని ఆ మినహాయింపు వధూవరులకే. వారి తల్లిదండ్రుల చేతికి వచ్చిన చదివింపులకు అది వర్తించదు. చదివింపుల పుస్తకంలో ఎవరి పేర రాశారన్నది అందుకే చూసుకోవాలి. 2017 ఏప్రిల్ 1 నుండి మరొక నిబంధన ఉన్నది. ఒకే సందర్భానికి ఒకే మనిషి నుండి 2 లక్షలు, ఆపైన నగదుగా పుచ్చుకోరాదు. పుచ్చుకొంటే అంత మొత్తం జరిమానా పడవచ్చు. కానుకకే కాదు, కల్యాణమండపం వారికి, వంటవారికి ఇచ్చే నగదుకూ ఇది వర్తిస్తుంది. పుచ్చుకొన్నవారే దోషులు. ఇక పన్ను లేదన్నంత మాత్రాన కట్నం సక్రమమైపోదు. 1961 నాటి కట్న నిషేధ చట్టం ప్రకారం ఇవ్వడమూ నేరమే, పుచ్చుకోవడమూ నేరమే. ఆ చట్టం కింద 1985లో చేసిన నియమాలు వధూవరులకు వచ్చిన కానుకల జాబితా రాసి సంతకం చేసి ఉంచుకోవాలని చెబుతున్నవి. మన పల్లెలలో ఆ పని చేసేవారు అరుదు. నిజానికి ఆడపిల్లకు అంతకంటే మంచి రుజువు లేదు, రేపు పన్ను అధికారి అడిగినా, అత్తింటివారే కాదన్నా.

బంగారం మాటకొస్తే, పెళ్ళిని గ్రాములలో కొలిచిన ఉత్తర్వు ఒకటున్నది. సోదాలు జరిగినప్పుడు పెళ్ళయిన స్త్రీ వద్ద 500 గ్రాములు, పెళ్ళికాని స్త్రీ వద్ద 250 గ్రాములు, పురుషుని వద్ద 100 గ్రాముల వరకు నగలను స్వాధీనం చేసుకోవద్దని ప్రత్యక్ష పన్నుల బోర్డు 1994 మే 11న తన అధికారులకు సూచించింది. నోట్ల రద్దు జరిగిన 2016లో అదే మాటను మళ్ళీ ప్రకటించింది. పుట్టింటివారు పెట్టిన నగలు ఇంతకు మించి ఉండరాదని దీని అర్థం కాదు. మూలం చూపగలిగితే ఎంతైనా ఉండవచ్చు.

ఉమ్మడి కుటుంబం విషయం కొంచెం వేరు. హిందూ అవిభక్త కుటుంబానికి చట్టంలో ప్రత్యేకమైన పాన్, ప్రత్యేకమైన పరిమితి ఉంటాయి. పంపకంలో తన భాగం పుచ్చుకొన్న పెళ్ళికాని యువకుడు, ఆ ఆస్తి ఆదాయాన్ని కుటుంబ ఆదాయంగా చూపవచ్చునా? బెంగళూరు పన్ను కమిషనరుపై నడిచిన సి. కృష్ణప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు 1974లో వీలుకాదన్నది. 1958లో తండ్రితోను, సోదరునితోను పంచుకొన్న ఆస్తి అది. ఒంటరి మనిషి కుటుంబం కాజాలడు, పెళ్ళి చేసుకొంటే అప్పటి సంగతి వేరని తేల్చింది. కనుక పిత్రార్జితం మీద అద్దెలు, వడ్డీలు వచ్చే యువకునికి పెళ్ళితో నిజంగానే ఒక కొత్త పన్ను లెక్క తెరుచుకొంటుంది. పొలం మాత్రమే ఉన్నవారికి దీనితో పెద్ద పని లేదు. పంట ఆదాయానికి ఎలాగూ పన్ను లేదు. ఇతర ఆదాయం పరిమితి దాటినవారికి మాత్రమే, 1973లో తెచ్చిన పద్ధతి ప్రకారం, పన్ను రేటు తేల్చడానికి దానిని లెక్కలోకి తీసుకొంటారు.

అమెరికాలో డిసెంబరు 31

ఇక మగపెళ్ళివారు చెప్పిన మాట. అది నిజమే. అమెరికాలో పన్ను సంవత్సరం జనవరిలో మొదలై డిసెంబరుతో ముగుస్తుంది. డిసెంబరు 31 నాటికి పెళ్ళి అయి ఉంటే ఆ ఏడాది పొడుగునా పెళ్ళయినట్లే లెక్క. దంపతులు కలిపి ఒకే రిటర్ను వేయవచ్చు. 2025 సంవత్సరానికి ఒంటరి వ్యక్తికి స్టాండర్డ్ డిడక్షను 15,750 డాలర్లు, దంపతులకు 31,500 డాలర్లు. పన్ను శ్లాబులు కూడా, అత్యధిక ఆదాయాల వద్ద తప్ప, దంపతులకు రెట్టింపు వెడల్పు ఉంటాయి. లక్ష డాలర్ల జీతం, వేరే ఆదాయం లేని అబ్బాయి 2025లో ఒంటరిగా అయితే సుమారు 13,450 డాలర్ల ఫెడరల్ ఆదాయపు పన్ను కట్టాలి. సంపాదన లేని భార్యతో కలిపి రిటర్ను వేస్తే సుమారు 7,740 డాలర్లు. తేడా 5,700 డాలర్ల పైచిలుకు.

అయితే ఇది ఒకరే సంపాదించే ఇంటికి. ఇద్దరూ చెరి లక్ష డాలర్లు సంపాదిస్తే కలిపి వేసినా, విడిగా వేసినా దాదాపు ఒకటే. 1948లో అమెరికా దంపతుల ఆదాయాన్ని రెండుగా విభజించి లెక్కించే పద్ధతి తెచ్చింది. ఒంటరివారు మొత్తుకోగా 1969లో వారి రేట్లు తగ్గించింది. దానితో ఇద్దరూ ఉద్యోగాలు చేసే దంపతులకు పెళ్ళే భారమైంది. మేరీలాండ్ రాష్ట్రంలో ఇద్దరూ ప్రభుత్వోద్యోగులైన ఒక జంట ఏం చేసిందో తెలుసా? 1975 చివర హైతీ వెళ్ళి విడాకులు తీసుకొని, జనవరిలో మళ్ళీ పెళ్ళి చేసుకొన్నది. 1976 చివర డొమినికన్ రిపబ్లిక్ వెళ్ళి మళ్ళీ అదే పని చేసింది. ఆ విడాకులు చెల్లవని, వారు దంపతులుగానే పన్ను కట్టాలని అక్కడి పన్నుల కోర్టు 1980లో తీర్పు చెప్పింది. పన్ను కోసం పెళ్ళి తేదీలు జరపడం మనవారు కనిపెట్టినది కాదని చెప్పడానికే ఇది చెప్పవలసి వచ్చింది.

అబ్బాయి చెప్పిన 5,700 డాలర్లకు కొన్ని షరతులున్నవి. వాటిని వియ్యాలవారు సాధారణంగా చెప్పరు, చాలామందికి వారికీ తెలియవు. చదువు ముగించి ఓపీటీ మీద పనిచేస్తున్న విద్యార్థి మామూలుగా మొదటి అయిదు క్యాలెండరు సంవత్సరాలు పన్ను లెక్కలో నాన్ రెసిడెంటే. అతనికి ఈ లాభం లేదు. హెచ్1బి మీద రెసిడెంటు అయినవాని భార్య డిసెంబరు 31న రాయచూరులోనే ఉంటే, ఆమెను కూడా ఆ ఏడాది మొత్తానికి అమెరికా రెసిడెంటుగా చూడమని ఇద్దరూ సంతకం చేసి కోరుకొంటేనే కలిపి రిటర్ను వేయవచ్చు. అలా కోరుకోకపోతే అతడు పెళ్ళయి విడిగా రిటర్ను వేసేవాడవుతాడు. అప్పుడు తగ్గింపు లేకపోగా కొన్ని రాయితీలు కూడా పోతాయి.

ఆ సంతకంలోనే అమ్మాయి తరఫువారు చూసుకోవలసినది ఉన్నది. అలా కోరుకొన్న నాటి నుండి ఆమెకు ప్రపంచంలో ఎక్కడ ఆదాయమున్నా అమెరికా రిటర్నులో చూపాలి. తండ్రి పసుపు కుంకుమల కింద రాసిన నాలుగెకరాల మాగాణి మీద వచ్చే కౌలు ఇక్కడ పన్ను లేని ఆదాయం. అక్కడ అది పన్ను వేయదగిన ఆదాయం. వ్యవసాయాదాయమన్న మినహాయింపు అమెరికాకు తెలియదు. ఆమె పేర ఇక్కడి బ్యాంకులో ఉన్న డిపాజిటు వడ్డీ కూడా అంతే. పైగా కలిపి వేసిన రిటర్నులో తప్పు దొర్లితే పన్నుకు, వడ్డీకి, జరిమానాకు ఇద్దరూ బాధ్యులే, విడిపోయిన తరువాత కూడా. తెలియక సంతకం చేసిన భార్యకు ఉపశమనం పొందే దారి ఉన్నది గాని, ఆమె దానిని దరఖాస్తు పెట్టుకొని నిరూపించుకోవాలి.

కాగితం ముందు, పెళ్ళి వెనుక

అన్నిటికంటె పెద్ద ప్రమాదం పన్నుది కాదు. హిందూ వివాహ చట్టం కింద రిజిస్ట్రేషను అంటే జరిగిన పెళ్ళిని నమోదు చేయడమే. జరగని పెళ్ళిని జరిగినట్లు చేయడం దాని పని కాదు. పైలట్లుగా పనిచేసే ఒక జంట 2021లో ధ్రువపత్రం తీసుకొని, సంప్రదాయ వివాహం 2022లో పెట్టుకొన్నారు. ఈలోగా తగవులు వచ్చాయి. వారి కేసులో 2024 ఏప్రిల్ 19న న్యాయమూర్తులు బి.వి. నాగరత్న, ఆగస్టీన్ జార్జ్ మసీహ్ ధర్మాసనం, సప్తపది వంటి విధులు జరగకుండా తీసుకొన్న ఆ ధ్రువపత్రం వలన వారు దంపతులు కాలేదని తేల్చింది. వీసాల కోసం ఇటువంటి ముందస్తు రిజిస్ట్రేషన్లకు తల్లిదండ్రులు ఒప్పుకోవడాన్ని కూడా ఆ తీర్పు తప్పుబట్టింది.

దీని భావం ఏమిటంటే, ధనుర్మాసంలో తాళి కట్టకుండా తెచ్చిన ఆ కాగితం ఆధారంగా అమెరికాలో దంపతుల రిటర్ను వేస్తే, ఆ రిటర్నుకు పునాదే లేదు. పెళ్ళి జరిగిన చోట చెల్లనిది అక్కడా చెల్లదు. మరొకవైపు, మాఘమాసం రాకముందే సంబంధం చెడితే అమ్మాయి చేతిలో పెళ్ళయినట్లు ప్రభుత్వ ముద్ర ఉన్న కాగితం మిగులుతుంది. దానిని రద్దు చేయించుకోవడానికి ఆమెయే కోర్టు మెట్లెక్కాలి. అయిదారు వేల డాలర్ల కోసం ఆ భారం ఆడపిల్ల నెత్తిన పెట్టడం న్యాయమని మాకు తోచదు.

నిజంగా తొందర ఉన్నవారికి సక్రమమైన దారులు రెండున్నవి. ధనుర్మాసం ప్రవేశించకముందే, కార్తిక మార్గశిరాలలో ఏదో ఒక ముహూర్తానికి, నలుగురి ఎదుట సంప్రదాయ విధులతో గుడిలోనైనా పెళ్ళి జరిపించి, ఆ పెళ్ళిని రిజిస్టరు చేయించడం ఒకటి. విందు మాఘంలో పెట్టుకోవచ్చు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్ళి చేసుకోవడం రెండవది. దానికి సప్తపది అవసరం లేదు, ఆ ధ్రువపత్రమే వివాహానికి పూర్తి రుజువు. కాని వధూవరులలో ఒకరు నోటీసుకు ముందు కనీసం 30 రోజులు ఆ జిల్లాలో నివసించి ఉండాలి, నోటీసు ఇచ్చిన తరువాత మరో 30 రోజులు ఆగాలి, వివాహ సమయానికి ఇద్దరూ ముగ్గురు సాక్షులతో అధికారి ఎదుట ఉండాలి. అంటే నవంబరు నెలాఖరు దాటిన తరువాత వచ్చి డిసెంబరు 31 లోపల కావాలంటే ఈ దారి లేదు. అటువంటప్పుడు మాఘం దాకా ఆగడమే. పోయేది ఆ ఒక్క ఏటి తగ్గింపు. మాఘంలో తాళి కట్టినవాడు, షరతులు కుదిరితే, ఆ కొత్త సంవత్సరం మొత్తానికీ దంపతుల రిటర్నే వేసుకొంటాడు.